ఎడమచేతి ఉద్యోగం

ఆ ఉదయం పరీక్షగదిలో హాజరైనవారు నలుగురు. కిటికీ పక్కన, వెలుతురు ముందుగా వాలే కుర్చీలో సంస్థ యజమాని. ఆయన కుడివైపున, పరిమళాలు కూర్చే ఉద్యోగిని. ఆమె పక్కన సీసాల మేస్త్రీ. అందరికంటే చివర, తలుపుకు దగ్గరగా, చొక్కా ఎడమచేతిని మోచేతి పైదాకా మడిచి కూర్చున్న పెద్దమనిషి. ఈ వరుస నిన్న మొన్న ఏర్పడినది కాదు; యజమానిగారి ముత్తాత నిర్ణయించినది. కూర్చున్న వరుసలోనే లేచి వాసన చూడాలి, కూర్చున్న వరుసలోనే అభిప్రాయం చెప్పాలి. చివరి కుర్చీవాడు వాసన చూడనక్కరలేదు. అభిప్రాయం అసలే చెప్పనక్కరలేదు. చెయ్యి చాచి కూర్చుంటే చాలు.

అందుచేతనే సంస్థలో అందరూ ఆయనను ‘చెయ్యిగారు’ అనేవారు. ఆయన బావమరిది ఇంకొక అడుగు ముందుకు వేసి, చుట్టాలందరూ చేరిన చోటల్లా, “మా బావగారి ఎడమచెయ్యికే ఉద్యోగం. మిగతా మనిషి దాన్ని మోసుకెళ్ళి మోసుకొస్తాడు, అంతే” అని నవ్వించేవాడు. చెయ్యిగారు కూడా నవ్వేవారు. ఆ మాటలో అవమానం ఉన్నదని ఆయనకు తోచలేదు. తోచినా, నిజం ఉన్నదని ఒప్పుకొనేవారు.

ఆ చెయ్యి చూడడానికి గొప్పదేమీ కాదు. సన్నగా, రోమాలు గీసివేసి, చలువ చేసిన బట్టలా పాలిపోయి ఉండేది. దాని గొప్పదనమంతా అది ఏమీ చేయకపోవడంలో ఉన్నది. మనిషి ఒళ్ళు ఊరికే ఉండదు. ఒకరి ఒంటి మీద గులాబీ పులుస్తుంది, ఒకరి ఒంటి మీద వట్టివేరు తుప్పు వాసన వేస్తుంది, ఇంకొకరి ఒంటి మీద మల్లె గంట తిరగకుండా ఎగిరిపోతుంది. చెయ్యిగారి చర్మం మాత్రం ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే ఉంచేది. తనది చేర్చేది కాదు, ఎదుటిది తినేది కాదు. వయసులో ఉన్నప్పుడు ఆయన అక్కడ పెట్టెలు మోసేవారు. ఒకనాడు మెట్ల మీద ఒక సీసా పగిలి చెయ్యంతా తడిసింది. కడుక్కోవడానికి పరుగెత్తుతున్న ఆయనను అప్పటి పరిమళకర్త, ఇప్పుడు గోడ మీద పటమై ఉన్న వృద్ధుడు, మణికట్టు పట్టుకొని ఆపి, సాయంత్రం దాకా వదలలేదు. మరునాటినుంచి ఆయనకు ఈ కుర్చీ వచ్చింది.

కుర్చీతోపాటు నియమాలూ వచ్చాయి. వాసన ఉన్న సబ్బు ముట్టరాదు. ఉల్లి, వెల్లుల్లి, పొగాకు పనికిరావు. మందు బిళ్ళ వేసుకుంటే ఒళ్ళు దాని సంగతి చెమటలో చెబుతుంది గనుక, జ్వరం వచ్చినా మంచినీళ్ళతోనే దించుకోవాలి. ఇంట్లో ఊదుబత్తి వెలిగించరాదు. ఇల్లాలు నెత్తికి వాసన నూనె రాయరాదు. పెళ్ళయిన కొత్తలో ఆమె పుట్టింటినుంచి తెచ్చుకొన్న గులాబీనూనె బుడ్డిని పక్కింటావిడ చేతిలో పెట్టి, తలుపు వేసుకొని, కాసేపు తలుపు వెనకే నిలబడింది. ఆ తరవాత దాని ఊసెత్తలేదు.

యజమాని గొంతు సవరించుకొన్నాడు. ఆయన తలపైన గోడకు, చట్రంలో, ముత్తాత రాయించిన వాక్యం వేలాడుతోంది: *కాగితం అబద్ధమాడును, చర్మం ఆడదు.*

“అందరికీ తెలిసిందే అయినా ఒకసారి చెబుతాను,” అన్నాడు. “మునిమాపు ఇవాళ కూడా పులిస్తే నావల్ల కాదు. సబ్బులవాళ్ళకి మాటిచ్చేశాను, వాళ్ళకి ఇచ్చేస్తాను. నువ్వు కూడా వేరే చోటు చూసుకోవాలమ్మా. నీ మీద కోపమేం లేదు.”

“కోపం ఉంటేనే బాగుండేదండి,” అన్నది పరిమళాలు కూర్చే ఆవిడ. “కోపం చల్లారుతుంది.”

మునిమాపు ఆ సంస్థకు అన్నం పెట్టిన పరిమళం. ముత్తాతది మొదట చేతితొడుగుల వ్యాపారం. తోలు కంపు కొడుతోందని షోకైన స్త్రీలు ముక్కు మూసుకొంటే, తొడుగులను పూలనీటిలో ఊరబెట్టి అమ్మాడు. కొన్నాళ్ళకు తొడుగులు మిగిలిపోయి, ఊరబెట్టిన నీరే అమ్ముడుపోసాగింది. ఆయన కొడుకు వ్యాపారాన్ని వీధి మొదట్లోని పెద్ద భవనానికి మార్చాడు. మనుమడు మునిమాపును కూర్చాడు. దాని తొలి ఊపిరి నారింజపూవు. కాస్త నిదానించాక మల్లె, గులాబీ. పొద్దు వాలేవేళకు అవన్నీ సద్దుమణిగి, దీపం పెట్టబోయే ముందు ఇంట్లో ఉండే చీకటి వంటిది ఒకటి చర్మం మీద మిగిలేది. ఆ చీకటికి ఆధారం కస్తూరి, చెట్టునాచు. మృగాన్ని చంపి తీసిన కస్తూరి ఎన్నడో వాడుకలోనుంచి పోయింది. నాచు కొందరి ఒంటికి పడటం లేదని ఇటీవల దానినీ వద్దన్నారు. రెండు కాళ్ళూ తీసేసి మనిషిని నిలబెట్టమన్నట్టు, మునిమాపును మళ్ళీ కూర్చే భారం ఈ ఆవిడ మీద పడింది.

ఆమె కూర్చింది. మొదటిసారి కూర్చినది వాసన చూసే కాగితపు ముక్క మీద నిలిచింది. చెయ్యిగారి చేతి మీద సాయంత్రానికి పులిసింది. ఆమె తీపి పెంచింది. మళ్ళీ పులిసింది. సాంబ్రాణి కలిపింది, తేనెమైనం కలిపింది; పులుపు పోలేదు సరిగదా, కాగితం మీద కూడా మునిమాపు మిఠాయి కొట్టులా తయారైంది. ఆ విధంగా వేసవి గడిచింది.

“ఇవాళ ఏది తెచ్చారు?” అడిగాడు మేస్త్రీ.

“మొదటిదే. చిట్టచివరికి నా ముక్కు మాట నేను వినకపోతే ఎవరు వింటారు?”

ఆమె గాజుపుల్లతో రెండు చుక్కలు చెయ్యిగారి ముంజేతి మీద ఉంచింది. ఆయన చెయ్యి కదలలేదు. కదలకుండా ఉండటం దానికి అలవాటు. యజమాని వంగి చూసి, “ఆరంభానికేం, ఎప్పుడూ బాగుంటుంది” అన్నాడు. ఆమె చూసి, పుల్లను తుడిచి బల్ల మీది సీసా పక్కన పెట్టింది. మేస్త్రీ వంగి, “కొత్త అల్లుడిలా ఉంది. ఆర్నెల్లు పోతే గాని చెప్పలేం” అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

మధ్యాహ్నానికి మళ్ళీ అదే వరుసలో చూశారు. యజమాని ఈసారి చాలాసేపు వంగి ఉండి, తల ఎత్తకుండానే, “మొదలైంది” అన్నాడు. ఆ మాటతోనే భోజనానికి వెళ్ళిపోయాడు. మేస్త్రీ ఆయన వెంట వెళ్ళాడు. పరిమళాలు కూర్చే ఆవిడ వెళ్ళేముందు తలుపు దగ్గర ఆగింది.

“బాబాయిగారూ, మిమ్మల్ని కూడా ఎండాకాలమంతా కూర్చోబెట్టేశాను.”

“నాదేముందమ్మా. కూర్చోవడమే నా పని.”

ఆమె వెళ్ళాక గదిలో ఆయన ఒక్కరే మిగిలారు. మధ్యాహ్నవేళ ఆయన బయటి పొగ, దుమ్ము తగలకుండా ఈ గదిలోనే ఉండాలి. ఇల్లాలు అన్నం తెచ్చి ఎడంగా కూర్చొని, తినేవరకు ఉండి వెళ్ళేది. ఆనాడూ వచ్చింది. ఉడికించిన కూర, చప్పిడి పప్పు. ఆయన కుడిచేత్తో తింటున్నారు. ఎడమచెయ్యి బల్ల మీద, వేరే మనిషిదై నిద్రపోతున్నట్టు పడి ఉన్నది. రెండు ముద్దలు తిని, మూడు గ్లాసుల నీళ్ళు తాగారు.

“మళ్ళీ పులిసిందా?” అన్నది ఆమె.

“అట. ఇవాళ్టితో ఆ అమ్మాయి ఉద్యోగం కూడా పోతుంది. పాపం, పనిమంతురాలు.”

ఆమె అన్నం గిన్నె మూత చేతిలో పట్టుకొని, దానిని తుడిచినచోటే తుడుస్తూ కూర్చుంది.

“ఏమండీ, ఒక మాట చెబుతాను, కోప్పడకండి. పులుస్తున్నది సీసా కాదు.”

“మరి?”

“మీరు.”

ఆయన ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది.

“వేసవి మొదలైన దగ్గర్నుంచీ చూస్తున్నాను. మీ తలగడ గలేబు రోజూ మారుస్తున్నాను, ఎందుకో అడిగారా? ఇన్నేళ్ళుగా మనింట్లో ఏ వాసనా లేదు. ఉన్నదల్లా మీ వాసనే. అది నాకు తెలియదా? అది మారింది. పాతనీళ్ళలో నానిన ఇనుములా ఉంటోంది. చీకట్లో పక్కన ఎవరో పరాయివాళ్ళు పడుకున్నట్టుంటుంది నాకు.”

“వయసు మీద పడితే ఒళ్ళు మారదూ?”

“కాళ్ళు వాస్తున్నాయి. కుండెడు నీళ్ళు తాగుతున్నారు. రాత్రంతా గోక్కుంటున్నారు. డాక్టరు దగ్గరికి పదండి అని ఎన్నిసార్లు అన్నాను?”

“డాక్టరు ఊరికే చూసి పంపిస్తాడా? మందిస్తాడు. మందు వేసుకుంటే చెయ్యి పోతుంది.”

“చెయ్యి పోతే మనిషి మిగులుతాడు.”

తనకు ఏమీ తెలియదని ఆయన ఇన్నాళ్ళూ తనకు తానే చెప్పుకొన్నారు. చెప్పులు బిగుతైనప్పుడు తోలు కుదించుకుపోయిందన్నారు. దాహం ఎండ వల్లనన్నారు. ఆవిడ ఒకదాని తరవాత ఒకటి మార్చి తెస్తున్న ప్రతిసారీ, ఈసారి నిలుస్తుంది, నిలిస్తే నా భయం వట్టిదే, అనుకొంటూ చెయ్యి చాచారు. ఏ ఒక్కటీ నిలవలేదు. ఇప్పుడు ఇల్లాలి నోట ఆ మాట వినగానే, దాచిన వస్తువును ఎవరో తీసి బల్ల మీద పెట్టినట్టయింది.

“నువ్వు అనుకోవడమే గాని రుజువేముంది?” అన్నారు, కొంచెం కటువుగానే.

“రుజువు మీ ఎదురుగానే ఉందిగా,” అని ఆమె బల్ల మీద ఉన్న సీసావైపు చూసింది.

ఆ సీసాను ఆయన ఎన్నడూ తాకలేదు. ఎన్నో పరిమళాలు తన ఒంటి మీద పుట్టి తన ఒంటి మీదే పోయాయి. గాజుపుల్ల మాత్రం ఎప్పుడూ ఇంకొకరి చేతిలోనే ఉండేది. ఆయన కుడిచెయ్యి కడుక్కొని, తుడుచుకొని వచ్చి, పుల్లను తీసి ముంచారు. ఇల్లాలు తన చెయ్యి వెనక్కు లాక్కుంది.

“ముప్పై ఏళ్ళు వద్దన్నది ఇప్పుడు మీరే రాస్తారా?”

“ఇవ్వు.”

ఆమె ఇచ్చింది. గాజులు పైకి జరుపుకొని, మణికట్టు తిప్పి, మొహం పక్కకు తిప్పుకొన్నది. ఆయన ఒక చుక్క వేయబోతే రెండు పడ్డాయి. కాసేపటికి ఆమె ఎవరూ చూడటం లేదన్నట్టు మణికట్టును ముక్కు దగ్గరకు తీసుకొని, కళ్ళు మూసుకొన్నది. ఆయన ఆమె మొహం చూస్తూ కూర్చున్నారు. ఆ మొహంలో వచ్చిన మార్పును వర్ణించవలసిన అవసరం లేదు. అది ఆయనకు కష్టం కలిగించిందని మాత్రం చెప్పాలి. ఎవరికో మనం తిండి పెట్టలేదని చాలా ఆలస్యంగా తెలిసినప్పటి కష్టం అది.

ఆమెను వరండాలోని బల్ల మీద కూర్చోబెట్టి ఆయన గదిలోకి వచ్చారు. మధ్యాహ్నమంతా అటూ ఇటూ తిరిగారు. ఏదో ఒక సాకుతో బయటకు వెళ్ళి, ఆమె మణికట్టు వాసన చూసి, తన ముంజేతిని చూసుకొనేవారు. ఆయనది ఏమంత ముక్కు కాదు. అయినా పొద్దు వాలేవేళకు ఆయనకు సైతం తేడా తెలిసింది. ఆమె చేతి మీద దీపం పెట్టని ఇల్లు ఉన్నది. తన చేతి మీద పాడైన పాలు ఉన్నవి.

ఇక మిగిలింది నోరు తెరవడం. తెరిస్తే ఈ కుర్చీ ఈ సాయంత్రంతో సరి. కుర్చీ పోతే తాను ఎవరు? పెట్టెలు మోసే బలం లేదు, చదువు లేదు, ఇంట్లో కూర్చుంటే బావమరిది హాస్యానికి కూడా పనికిరారు. తెరవకపోతే, అడిగేవారు లేరు. చివరి కుర్చీవాడు మాట చెప్పనక్కరలేదన్నది ముత్తాత పెట్టిన ఏర్పాటే. ఆ అమ్మాయి ఇంకొక చోట చేరుతుంది. మునిమాపు సబ్బుగా బతుకుతుంది. తానూ కొన్నాళ్ళు, ఒళ్ళు సహకరించినన్నాళ్ళు, చెయ్యి చాచుకొంటూ గడిపేస్తారు. ఆయన ఈ ఆలోచనను చివరిదాకా ఆలోచించారు. అందులో ఎక్కడా తప్పు కనిపించలేదు. కనిపించకపోవడమే ఆయనను భయపెట్టింది.

సాయంత్రం నలుగురూ తమ తమ కుర్చీలలో కూర్చున్నారు. యజమాని లేచి వచ్చి, వంగి, వెంటనే తల ఎత్తాడు.

“పులిసింది,” అన్నాడు.

పరిమళాలు కూర్చే ఆవిడ వంగి చూసి, నెమ్మదిగా నిటారుగా నిలబడింది. “అవునండి. నేను పొరపడ్డాను.”

మేస్త్రీ వంగి, ఏదో హాస్యమాడబోయి మానుకొని, “అవును” అన్నాడు.

“సరే,” అని యజమాని సీసా మూతకోసం చెయ్యి చాచాడు.

“అయ్యగారూ,” అన్నారు చెయ్యిగారు.

ముగ్గురూ ఆయనవైపు తిరిగారు. పరీక్షవేళ ఆ కుర్చీలోనుంచి మాట రావడం ఆ గదిలో ఎవరూ ఎరుగరు.

“పులిసింది మునిమాపు కాదండి. నేను.”

“ఏమిటయ్యా నువ్వనేది?”

“నా ఒంట్లో ఏదో చేరిందండి. వేసవినుంచీ. నాకు తెలుసో తెలియదో నాకే తెలియకుండా నెట్టుకొచ్చాను. ఈ అమ్మాయి తప్పేం లేదు.”

యజమాని తన కుర్చీ పైన గోడకు ఉన్న వాక్యాన్ని వేలితో చూపించాడు. “చర్మం అబద్ధమాడదు. నీ చేతిని నమ్మి మా నాన్నగారు వ్యాపారం చేశారు, నేనూ చేశాను.”

“ఇప్పుడూ ఆడలేదండి. అది నా సంగతే చెబుతోంది. మనం సీసా సంగతి అనుకున్నాం.”

చెయ్యిగారు లేచి వెళ్ళి తలుపు తెరిచి, “రావే” అన్నారు. ఆమె కొంగు భుజం చుట్టూ కప్పుకొని గడపదగ్గర నిలబడింది. ఎక్కడ నిలబడాలో ఆమెకు తెలియలేదు. ఆమెకు ఆ వరుసలో చోటు లేదు. పరిమళాలు కూర్చే ఆవిడే తన చోటు వదిలి, యజమానిని దాటి వచ్చి, ఆమె మణికట్టును రెండు చేతులతో పట్టుకొని మొహం దగ్గరకు తీసుకొన్నది. అట్లాగే ఉండిపోయింది. ఇల్లాలు బెదిరిపోయి, “ఏమైందమ్మా?” అన్నది.

“ఏం కాలేదు,” అన్నది ఆవిడ, తల ఎత్తకుండా. “ఏం కాలేదు. నిలబడింది.”

తరవాత యజమాని చూశాడు. తరవాత మేస్త్రీ చూసి, “మా అమ్మ ట్రంకుపెట్టె,” అని, కిటికీవైపు తిరిగి ముక్కు చీదుకొన్నాడు.

పరిమళాలు కూర్చే ఆవిడ చెయ్యిగారి ఎదుటకు వచ్చింది. “వేసవంతా మీ ఒంట్లో ఉన్న జబ్బుకి నేను సీసాకి మందు వేస్తూ కూర్చున్నాను బాబాయిగారూ. ఇవాళే వెళ్ళండి. ఇంటికి కాదు, ఆసుపత్రికి.”

“అదే చెబుతున్నానమ్మా,” అన్నది ఇల్లాలు. “నా మాట వింటేగా. నువ్వు చెబితే వింటారు, జీతమిచ్చే చోటువాళ్ళు కదా.”

చెయ్యిగారు కొంచెం నవ్వారు. బల్ల దగ్గర నిలబడి, మడిచి ఉన్న చొక్కాచేతిని కిందకు దింపుకొన్నారు. ఉద్యోగవేళల్లో దానిని దింపడం ఆయనకు అలవాటు లేదు. ఎడమచేతి గుండీ కుడిచేతిదానిలా అరగక, కొన్ననాటి మెరుపుతోనే ఉన్నది. కాజాలో పెట్టబోతే పాత దారం తెగి, అది బల్ల మీద పడి, కాస్త దొర్లి ఆగింది. ఆయన చూసుకోలేదు. ముగ్గురికీ నమస్కారం పెట్టి, ఇల్లాలి వెంట మెట్లు దిగారు. ఇల్లాలు ఒక మెట్టు ముందు నడుస్తూ, పట్టుకోవడానికి వీలుగా చెయ్యి వెనక్కు ఉంచింది.

మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు. కిడ్నీలు చెడి చాలాకాలమైందని, వేసవి మొదట్లో వచ్చి ఉంటే వేరని ఆసుపత్రిలో అన్నారు. మందులు వేళ తప్పకుండా వేసుకొన్నారు. ఉల్లిపాయ కొరికి, ఇంత బాగుంటుందని ఎందుకు చెప్పలేదని ఇల్లాలిని దెబ్బలాడారు. వానలు వెనకపట్టు పట్టకముందే పోయారు.

అయితే అది తరవాతి మాట. ఆ సాయంత్రం, మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగిపోయాక, యజమాని తన కుర్చీలో కూర్చోకుండా నిలబడే ఉన్నాడు. మిగతా ఇద్దరూ ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డారు. సభలో తీర్మానం చదువుతున్నవాడిలాగా, ఒక్కొక్క మాట విడదీసి, ఆయన ఇలా అన్నాడు:

“మునిమాపు ఈనాడు ఈ గదిలో ఆమోదం పొందింది. కూర్చినవారు ఒకరు, చూసినవారు ముగ్గురు. దానిని కాపాడినవారు చివరి కుర్చీలోని పెద్దమనిషి. తన స్థానాన్ని వదులుకొని ఆ పని చేశారు. ఈ సంస్థ అందుకు వారికి రుణపడి ఉన్నది.”

మేస్త్రీ సీసాకు మూత బిగించాడు. దాని పక్కన, ఎవరూ తీయని కొత్త గుండీ, తెగిన దారపు పోగుతో సహా, కిటికీలోని ఆఖరి వెలుతురులో ఉండిపోయింది.